షీట్ మ్యూజిక్ లాగ్, పదో నెల: పాటల కంటే కొట్టు ముద్రలే ఎక్కువ చూస్తున్నా

షీట్ మ్యూజిక్ అంటే ఒక్కో పాటనీ సాహిత్యం, స్వరాలతో అచ్చేసి కొట్లో అమ్మిన కాగితాలు, పాతవి పోగేస్తున్నా. ఈ నెలతో లెక్క 143 షీట్లకి వచ్చింది. 118 స్కాన్ అయిపోయాయి, మిగతా 25 ఇంకా డైనింగ్ టేబుల్ పక్కన అట్టపెట్టెలోనే ఉన్నాయి. మొదలుపెట్టినప్పుడు అనుకున్నది వేరు, 1920ల నాటి అమెరికా పాటలు ఒరిజినల్ కాగితం ముందు పెట్టుకుని కీబోర్డ్ మీద వాయించుకోవాలి, అంతే. ఇప్పుడేమో ఏ షీటు చేతికొచ్చినా ముందు కవర్ అంచులు చూస్తున్నా, ఎక్కడైనా కొట్టువాళ్ళ రబ్బరు స్టాంపు ఉందేమోనని. ఎందుకంటే ఆ పాట ఎవరు రాశారు, ఎవరు అచ్చేశారు అన్నది లోపలే ఉంటుంది, కానీ ఏ వీధిలో ఏ కౌంటర్ మీద అమ్ముడుపోయిందో చెప్పేది ఆ స్టాంపు ఒక్కటే.

ఈ మార్పు రావడానికి కారణం న్యూజెర్సీలోనే మాకు గంట దూరంలో జరిగిన ఒక ఎస్టేట్ సేల్. పెద్దావిడ ఒకరు పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్నారు, పియానో అప్పటికే ఎవరో తీసుకున్నారట, దాని స్టూలు మాత్రం మూలన పడుంది. ఆ స్టూలు మూత ఎత్తితే లోపల అర ఉంటుంది, కాగితాలు దాచుకోవడానికే చేసినది, అందులో 31 షీట్లు. మొత్తానికి 40 డాలర్లు ఇచ్చా. ఇంటికొచ్చి ఒక్కొక్కటీ పరిచి చూస్తే 19 షీట్ల మీద ఒకటే ఊదారంగు ముద్ర, కోడిగుడ్డు ఆకారంలో, న్యూఅర్క్‌లోని (న్యూయార్క్ కాదు, న్యూజెర్సీలో ఊరు) ఒక కొట్టుది, పేరు కింద పియానోలు, రోల్స్ (పియానో తనంతట తనే వాయించేలా చిల్లులు పెట్టిన కాగితపు చుట్టలు), రికార్డులు అమ్ముతామని చిన్న అక్షరాలు. అన్నిటి మీదా పెన్సిల్‌తో ఒకే అమ్మాయి పేరు, మొదటి షీట్లలో చిన్నపిల్ల రాత, చివరి వాటిలో గొలుసుకట్టు రాత. ఒక మనిషి ఒకే కొట్టుకి ఏళ్ళ తరబడి వెళ్ళి పాటలు కొనుక్కుందన్నమాట. ఆ రోజు రాత్రి ఒంటిగంట దాకా పడుకోలేదు నేను.

చిన్నప్పుడు మా ఊళ్ళో సినిమా హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవాళ్ళు, మా నాన్న ట్రంకు పెట్టెలో ఓ కట్ట ఉండేది, పల్చటి కాగితం, సాహిత్యం మాత్రమే, స్వరాలు ఉండవు, ట్యూను ఎలాగూ అందరికీ నోటికొచ్చు కాబట్టి. షీట్ మ్యూజిక్ దానికి అన్నయ్య లాంటిది అనుకోండి, కాకపోతే ఇక్కడ ట్యూన్ కూడా కాగితం మీదే కొనుక్కోవాలి, రేడియో, రికార్డులు ఇంటింటికీ రాకముందు పాట ఇంటికి రావాలంటే ఇంట్లో ఎవరో ఒకళ్ళు వాయించాల్సిందే. మరి వినకుండా ఎలా కొంటారు? అందుకే కొట్టులో వాయించి వినిపించే మనిషిని పెట్టేవాళ్ళు, డెమాన్‌స్ట్రేటర్ అనేవాళ్ళు. కస్టమర్ షీటు తీసి ఇస్తే అక్కడికక్కడే చూసి వాయించాలి.

ఇందులో నాకు బాగా ఇష్టమైన మనిషి జాజ్ పియానిస్టు లిల్ హార్డిన్. 1918లో మెంఫిస్ నుంచి షికాగో వచ్చింది, సౌత్ స్టేట్ స్ట్రీట్‌లో జోన్స్ మ్యూజిక్ స్టోర్‌లో ఈ ఉద్యోగమే, వారానికి 3 డాలర్లు. తనకి ఆ కొట్టులో ఉన్న పాటలన్నీ వాయించి నేర్చేసుకోవాలని ఆశ, జీతం సంగతి తర్వాత. ఒకరోజు పేరున్న జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ వచ్చి ఆ పియానో మీద కూర్చుని వాయిస్తే కొట్టంతా దద్దరిల్లిందని, ఆ తర్వాత తనూ బరువుగా కొట్టి వాయించడం మొదలుపెట్టానని ఆవిడే తర్వాత చెప్పుకుంది. ఆ కొట్టు ద్వారానే న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన బ్యాండులో చేరింది, తర్వాత కింగ్ ఆలివర్ బ్యాండు, 1924లో అదే బ్యాండులో ట్రంపెట్ మనిషి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పెళ్ళి. జాజ్ చరిత్రలో అంత పెద్ద మనిషి షీట్లు అమ్మే కౌంటర్ దగ్గర మొదలైంది. నా న్యూఅర్క్ ముద్రలు చూసినప్పుడల్లా ఆ కొట్టులో పియానో ముందు ఎవరు కూర్చున్నారో అనిపిస్తుంది, ఆ పేరు ఏ కాగితం మీదా ఉండదు కదా.

పబ్లిషర్ల వైపు కూడా ఇదే పని చేసేవాళ్ళు ఉండేవాళ్ళు, ప్లగ్గర్లు అని. పబ్లిషర్ ఆఫీసులో కూర్చుని వచ్చిన ఆర్టిస్టులకి కొత్త పాటలు వాయించి ఒప్పించడం వాళ్ళ పని. తర్వాత పెద్ద స్వరకర్త అయిన జార్జ్ గెర్ష్విన్ 1914లో 15 ఏళ్ళ వయసులో చదువు మానేసి రెమిక్ కంపెనీలో వారానికి 15 డాలర్లకి చేరింది ఈ పనికే. ఈ పబ్లిషర్లంతా మొదట్లో న్యూయార్క్ మన్‌హాటన్‌లో వెస్ట్ 28వ వీధిలో, ఐదు, ఆరు ఎవెన్యూల మధ్య గుంపుగా ఉండేవాళ్ళు, దాన్నే టిన్ పాన్ ఆలీ అంటారు. జాజ్ రోజులకి చాలామంది అక్కడి నుంచి పైకి, బ్రాడ్‌వే థియేటర్ల వైపు వెళ్ళిపోయారు కానీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 28వ వీధిలో 47 నుంచి 55 నంబర్ల దాకా ఐదు బిల్డింగులు ఇంకా ఉన్నాయి, 2019 డిసెంబర్‌లో సిటీ వాటిని ల్యాండ్‌మార్క్, అంటే కాపాడాల్సిన కట్టడాలు, చేసింది. పోయిన నెల వెళ్ళి చూశా, పైన కిటికీలు చూస్తూ అవతలి పేవ్‌మెంట్ మీద చాలాసేపు నిలబడ్డా.

ఇక పని వివరాలు, ఇవి మొదలుపెట్టే వాళ్ళకి పనికొస్తాయి.

డేటు పట్టుకోవడం: ముందు సైజు చూడండి. మొదటి ప్రపంచయుద్ధం ముందువి పెద్దవి, సుమారు 10.5 అంగుళాల వెడల్పు 13.5 ఎత్తు. 1918లో యుద్ధం వల్ల కాగితం పొదుపు చేయాల్సొచ్చి చిన్నవి అచ్చేశారు, కొన్నిటి మీద అందుకే చిన్న సైజులో ఇస్తున్నామని నోటు కూడా ఉంటుంది. యుద్ధం అయ్యాక మళ్ళీ పెద్దదానికి పోకుండా 9 బై 12 దగ్గర స్థిరపడిపోయింది. తర్వాత లోపల మొదటి పేజీ అడుగున కాపీరైట్ లైను, చాలాసార్లు రోమన్ అంకెల్లో ఉంటుంది, ఎమ్, సీ, ఎమ్ తర్వాత రెండు ఎక్స్‌లు, వీ, ఐ ఉంటే 1926. కానీ ఇక్కడే మోసపోతాం, అది పాట రిజిస్టర్ చేసిన సంవత్సరం, మీ చేతిలో ఉన్న కాపీ అచ్చయిన సంవత్సరం కాదు. హిట్టయిన పాటని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు.

దీనికి నేను వాడే పద్ధతి వెనక అట్ట. అక్కడ ఆ పబ్లిషర్‌వే వేరే పాటల మొదటి నాలుగు లైన్లు స్వరాలతో సహా యాడ్‌గా వేస్తారు, ఇంట్లో వాయించి చూసుకుని నచ్చితే కొట్టుకెళ్ళి కొనుక్కోమని. ఆ యాడ్ పాటలన్నిటి పేర్లు రాసుకుని కాపీరైట్ కేటలాగ్‌లో (రిజిస్టర్ అయిన పాటల సర్కారీ జాబితా) వెతుకుతా, పాత వాల్యూములు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే కొత్త పాట ఏదో, మన కాపీ దానికంటే ముందు అచ్చయి ఉండదు. పోయిన వారం 1919 అనుకున్న షీటు ఈ లెక్కన 1923కి జరిగింది. ఒక్కో షీటుకి అరగంట పడుతోంది, పడనీ.

పబ్లిషర్ పేరు, అడ్రస్ కూడా సాయం చేస్తాయి. నా దగ్గర పేస్ అండ్ హ్యాండీ కంపెనీది ఒకటే ఒకటి ఉంది, 1547 బ్రాడ్‌వే అడ్రస్‌తో. అది గేయిటీ థియేటర్ బిల్డింగ్. బ్లూస్ పాటల స్వరకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ, హ్యారీ పేస్ కలిసి మెంఫిస్‌లో పెట్టిన కంపెనీ, 1918లో న్యూయార్క్ వచ్చారు, 1921లో పేస్ బయటికెళ్ళి బ్లాక్ స్వాన్ రికార్డు కంపెనీ పెట్టాడు. కాబట్టి ఆ పేరూ ఆ అడ్రసూ కలిసి ఉన్నాయంటే ఆ మధ్య రెండు మూడేళ్ళది. హ్యాండీ అసలు పబ్లిషింగ్‌లో అంత పట్టుగా నిలబడటానికి ఒక కారణం ఉంది, 1912లో తన పాట 'మెంఫిస్ బ్లూస్' హక్కులు 50 డాలర్లకి అమ్ముకున్నాడు, తర్వాత దాని మీద వచ్చిన డబ్బంతా వేరేవాళ్ళకి పోయింది. నల్లవాళ్ళే రాసి నల్లవాళ్ళే అచ్చేసి అమ్ముకోవడం అన్నది ఆ దెబ్బ తర్వాత వచ్చిన పట్టుదల. ఈ ఒక్క షీటు దాచడానికి మిగతా వాటికంటే మంచి ప్లాస్టిక్ కవరు కొన్నా, ఇది నాకు అంత ముఖ్యం.

ఫోటోల సంగతి. కవర్ మీద ఓ మూల చిన్న గుండ్రం గానీ చదరం గానీ ఉండి అందులో సింగర్ ఫోటో ఉంటుంది. ఒకే పాట ఒకే బొమ్మ, కానీ ఫోటోలో వేరే వేరే మనుషులు. నా దగ్గర ఒక పాటవి మూడు రకాలు ఉన్నాయి. స్టేజీ మీద పాట పాడితే షీట్లు అమ్ముడుపోతాయి కాబట్టి ఆర్టిస్టులకి పబ్లిషర్లు డబ్బులు కూడా ఇచ్చేవాళ్ళు, అది మరీ ఎక్కువైపోయి 1917లో పబ్లిషర్లే కలిసి దాన్ని ఆపడానికి ఒక సంఘం పెట్టుకోవాల్సొచ్చింది. ఫోటో అచ్చేయడం అనేది ఆ ఆర్టిస్టుకి ఇంకో రకం గౌరవం. అందుకే డూప్లికేట్ అని ఎవరైనా చవగ్గా ఇస్తే ఫోటో చూసి గానీ వదలకండి.

యూకలేలీ వాయించే వాళ్ళకి ఒక మాట. ఇరవైల మధ్య నుంచి వచ్చిన షీట్లలో పాట లైను మీద చిన్న చిన్న గళ్ళు, చుక్కలు ఉంటాయి, అవి యూకలేలీ (నాలుగు తీగల చిన్న గిటార్ లాంటిది) మీద ఏ తీగ ఎక్కడ నొక్కాలో చూపే కార్డ్ (chord) బొమ్మలు. చాలావాటిలో పైన ట్యూనింగ్ రాసి ఉంటుంది, ఏ, డీ, ఎఫ్ షార్ప్, బీ అని. ఇప్పుడు కొట్లో దొరికే యూకలేలీ జీ, సీ, ఈ, ఏ ట్యూనింగ్, అంటే ఆ బొమ్మల ప్రకారం అలాగే పట్టుకుంటే పియానో కంటే ఒక స్వరం కిందికి వినిపిస్తుంది. మా పాప పియానో, నేను యూకలేలీ, మొదటి రోజు ఎంతకీ కలవక "నాన్నా, నువ్వు తప్పు వాయిస్తున్నావు" అంటే కాదు నువ్వే అని వాదించుకున్నాం, తీరా చూస్తే ఇదీ సంగతి. రెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత) దగ్గర కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు, పెడితే సరిపోయింది.

స్కానింగ్: 9 బై 12 కాగితం మామూలు స్కానర్ అద్దం మీద పట్టదు, అద్దం 8.5 బై 11.7 మాత్రమే. మొదటి 40 షీట్లు పై సగం, కింద సగం విడిగా తీసి సాఫ్ట్‌వేర్‌లో అతికించా, ఒక్కో షీటు ఆరు పేజీలంటే పన్నెండు స్కాన్లు. జూన్‌లో పాత ఏ3 స్కానర్ (పెద్ద కాగితం పట్టేది) సెకండ్ హ్యాండ్‌లో 150 డాలర్లకి దొరికింది, ఇప్పుడు 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు) గంటకి మూడు షీట్లు అవుతున్నాయి. కవర్లు మాత్రం 600. అద్దానికి మూత గట్టిగా నొక్కొద్దు, మడత దగ్గర కాగితం పెళుసుగా ఉండి పుటుక్కుమంటుంది.

భద్రం చేయడం దగ్గర ఒక తప్పు చేశా, చెప్పాలి. ఒక కవర్ మీద పాత సెలోటేపు పసుపు రంగు తిరిగి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి తీద్దామనుకున్నా, టేపుతో పాటు కవర్ మీద ఎరుపు రంగు బొటనవేలంత లేచొచ్చేసింది. వందేళ్ళు ఆగిన రంగు నా చేతిలో పోయింది, ఇప్పటికీ బాధే. టేపు జోలికి పోకండి, కాగితాలు రిపేర్ చేసే నిపుణులకి వదిలేయండి. దుమ్ముకి మెత్తటి బ్రష్షు చాలు. ముక్కిపోయిన వాసన వస్తే మూత ఉన్న డబ్బాలో అడుగున వంటసోడా గిన్నె పెట్టి, కాగితానికి తగలకుండా పైన జాలీ పెట్టి రెండు వారాలు ఉంచండి. తర్వాత యాసిడ్ లేని అట్ట, పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) కవరు, పడుకోబెట్టి పెట్టడం. బేస్‌మెంట్‌లో పెట్టొద్దు, ఇక్కడ ఎండాకాలం తేమ మామూలుగా ఉండదు.

ఇంకోటి, ఆన్‌లైన్‌లో కొన్న ఒక కట్ట మధ్యకి మడిచి కవర్లో పంపారు, ఆరు షీట్లకి మడత పడింది. కొనేముందే రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపమని రాసి అడగండి, దానికి ఇంకో మూడు నాలుగు డాలర్లు ఇస్తానని మీరే చెప్పండి.

స్కాన్లు నెట్‌లో పెట్టొచ్చా అని అడుగుతున్నారు. అమెరికాలో ఈ కాలం పాటలకి పబ్లిష్ అయిన ఏడాది నుంచి 95 ఏళ్ళు నిండాక వచ్చే జనవరి 1 నుంచి ఫ్రీ, 1929వి 2025లో వచ్చేశాయి. రికార్డింగులకి లెక్క వేరు, అప్పటివాటికి వందేళ్ళు, కలిపేసుకోకండి.

1929 అంటే గుర్తొచ్చింది, టాకీలొచ్చాక వార్నర్ బ్రదర్స్ ఆ ఏడాదే విట్మార్క్, రెమిక్, హార్మ్స్ మూడు పాటల పబ్లిషింగ్ కంపెనీలనీ కొనేసింది, సినిమాకి పాటలు కావాలి కాబట్టి. రేడియో, రికార్డులు అప్పటికే షీట్ల అమ్మకాన్ని తినేస్తున్నాయి. నా న్యూఅర్క్ అమ్మాయి షీట్లలో చివరిది 1928ది. పెళ్ళయిందో, ఇంట్లో రేడియో కొన్నారో.

ఈ వారం పని ఒక ముద్ర మీద. ఆ స్టూలులోదే, కానీ న్యూఅర్క్ కొట్టుది కాదు, ఎర్రటి కవర్ మీద ఊదా స్టాంపు, కంటికి మసకలా కనిపిస్తుంది తప్ప అక్షరం ఆనదు. స్కాన్‌ని ఎడిటర్‌లో తెరిచి రంగుల చానళ్ళు విడదీసి ఎరుపు చానల్ ఒక్కటే ఉంచా. ఎర్ర కవరంతా తెల్లబడిపోయి స్టాంపు బూడిదరంగులో పైకి తేలింది. కాంట్రాస్ట్ పెంచుకుంటూ పోతే చివరి పదం 'సన్' అని, దాని కింద 'పియానోస్' అని తెలిసింది, మొదటి పేరులో మధ్య మూడక్షరాలు తెలియట్లేదు, వీధి నంబర్ 8తో మొదలవుతోంది. శనివారం లైబ్రరీకి వెళ్ళి 1920ల సిటీ డైరెక్టరీలు తీయించుకుంటున్నా, పియానో కొట్ల పేజీ ముందు.