ఎనభై మూడు శెనక్కాయలు

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున నేను గొడుగు పట్టుకుని బయల్దేరాను కాబట్టే వాన రాలేదని మా ఆవిడ తీర్మానించింది. మబ్బు మాత్రం రోజంతా కమ్ముకునే ఉంది. అనంతపురంలో ఆషాఢం గాలి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఆరేసిన నా లుంగీ పక్కింటి మిద్దె మీద దొరికింది.

మా బామ్మర్ది వచ్చి నేటికి పన్నెండు రోజులు. కళ్లు చూపించుకోవాలని వచ్చాడు. కంటి పరీక్షకు పన్నెండు రోజులు పట్టదని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. ఊళ్లో పాలసంఘం అధ్యక్ష పదవికి నిలబడి ఆరు ఓట్లతో ఓడిపోయాడు. గెలిచిందేమో సొంత పెదనాన్న కొడుకు. పెరట్లో ఇద్దరికీ ఒకటే గోడ, అవతల వాళ్లు టపాకాయలు కాలుస్తుంటే ఇవతల వీడు అన్నం తినలేక బస్సెక్కేశాడు. ఈ ముక్క వాడు చెప్పలేదు. వాళ్ల అక్క, అంటే మా ఆవిడ, ఫోన్‌లో రాబట్టింది.

ఇంట్లో కూర్చుంటే వాడు ఫ్యాన్ వంకే చూస్తున్నాడని, పొలం చూసొద్దాం రమ్మని వెంటబెట్టుకుని పోయాను. గార్లదిన్నె దాటాక మాకు మూడెకరాలు ఉంది, గుత్తకిచ్చాం. బస్టాండుకు పోయేముందు మా అమ్మాయి గ్రూప్ టూ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగింది: "నాన్నా, పోటీ లేకుండా గెలిచిన రాష్ట్రపతి ఎవరు?"

"నీలం సంజీవరెడ్డి. 1977. మన జిల్లా ఇల్లూరాయనే కదమ్మా."

"అది నాకూ తెలుసు. 1969లో ఓడిపోయింది కూడా ఆయనే అని ఉంది. మొదటి లెక్కింపులో ఎవరికీ మెజారిటీ రాలేదంట, రెండో ప్రాధాన్యత ఓట్లంట. ఆ లెక్క అర్థం కాలేదు."

సాయంత్రం చెప్తానన్నాను. బామ్మర్ది ఆ 'ఓడిపోయింది' అన్న మాట దగ్గర చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆర్టీసీ బస్సు చూస్తే నాకు సంజీవరెడ్డి గుర్తురావడానికి వేరే కారణం ఉంది. ఆయన రెండోసారి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేశారు. రాజకీయంగా తనకు ఎదురు తిరిగినవాళ్ల బస్సులని కక్షతోనే ముందు కర్నూలును పట్టుకున్నాడని యజమానులు కోర్టుకు పోయారు. సుప్రీంకోర్టు దాకా పోయింది. ఈ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా ఒక అఫిడవిట్ కూడా వేయలేదే అని కోర్టు ఎత్తిచూపింది. తీర్పు అట్లా వచ్చిందని 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేసి ఇంటికి పోయాడు. కుర్చీ పట్టుకుని వేలాడొచ్చు, అప్పటికి ఆయన మాట చెల్లే రోజులే. అయినా దిగిపోయాడు. కక్ష సంగతి నిజమా కాదా అన్నది కర్నూలువాళ్లను అడిగితే ఒక జవాబు, అనంతపురం వాళ్లను అడిగితే ఇంకో జవాబు. మావాడే కదా అని నేను వెనకేసుకురాను. అఫిడవిట్ వేసి ఉండాల్సింది.

ఇదంతా బామ్మర్దికి చెప్తే "ఊ" అన్నాడు. రెండోసారి "ఊ" అన్నాక నేనూ మానేశాను.

పొలంలో చూడటానికేముంది. దుక్కి దున్ని పెట్టారు, పదును లేదు. గుత్తదారు చెట్టు కింద కూర్చుని కె-6 శెనక్కాయ విత్తనం మూటలు చూపించి, ఒక్క మంచి వాన పడితే తెల్లారి గొర్రు పట్టడమే అన్నాడు. బామ్మర్ది వంగి ఒక మట్టిగడ్డ తీసుకుని చేతిలో నలిపాడు. పన్నెండు రోజుల్లో వాడు చేసిన మొదటి పని అదే అనుకుంటా. వాడి నాలుగెకరాలూ ఇట్లాగే ఎదురుచూస్తూ ఉంటాయి.

వచ్చేటప్పుడు బస్సు దొరక్క గంటన్నర రోడ్డు మీద నిలబడ్డాం. ఈ మండలంలోనే ఇల్లూరు. 1913 మే 19న పుట్టాడు సంజీవరెడ్డి. మద్రాసులో అడయారు దివ్యజ్ఞానసమాజం బడిలో చదివి, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరాడు. 1929లో గాంధీ ఈ వైపు వచ్చి పోయాక ఖద్దరు కట్టి, తర్వాత చదువు వదిలేశాడు. 1940 నుంచి 45 దాకా ఎక్కువ కాలం జైల్లోనే ఉన్నాడు. అమరావతి జైలు, మనది కాదు, మహారాష్ట్రలోది. అక్కడ ప్రకాశం పంతులు, కామరాజు, సత్యమూర్తి, వి.వి. గిరి అందరూ ఒకే చోట. ఆ గిరిగారే తర్వాత 1969లో ఈయనకు ఎదురు నిలబడ్డారు. ఒకే జైలు కూడు తిన్నవాళ్లు.

మాట్లాడకుండా నిలబడలేక బామ్మర్దికి ఇంకో సంగతి చెప్పాను. తొలి సార్వత్రిక ఎన్నికల్లో అనంతపురంలో సంజీవరెడ్డి ఓడిపోయాడు. అప్పటికి మద్రాసులో మంత్రి పదవి కూడా చేసొచ్చిన మనిషి. ఓడించింది కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి.

"ఆయన భార్య నాగరత్నమ్మ ఆ నాగిరెడ్డి తోబుట్టువేనప్పా. సొంత బామ్మర్ది చేతిలో ఓడాడు" అన్నాను.

వాడు ఈసారి నావైపు తిరిగాడు. "మరి ఇంట్లో?"

"ఇంట్లో ఏమిటి?"

"ఆయమ్మ ఎవరికేసింది ఓటు?"

ఎంత మంచి ప్రశ్న. జవాబు నా దగ్గరెక్కడిది. బస్సు వచ్చింది.

సాయంత్రం వంటింటి ముందు న్యూస్ పేపరు పరిచి, పోయినేడు కాయలు వేయించినవి కుప్ప పోసింది మా ఆవిడ. అమ్మాయి పుస్తకం పట్టుకుని వచ్చి కూర్చుంది. లెక్క చెప్పడానికి ఇంతకంటే మంచి సరంజామా ఏముంది? ఒక కాయ పదివేలు అనుకోమన్నాను. రాష్ట్రపతి ఎన్నికలో తలకో ఓటు కాదు, ఎంపీ ఓటుకు ఒక విలువ, ఎమ్మెల్యే ఓటుకు రాష్ట్రాన్ని బట్టి ఇంకో విలువ. 1969లో చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. అంటే ఎనభై మూడు కాయలు. గెలవాలంటే సగం మీద ఒకటి, 4,18,169 రావాలి. నలభై రెండు కాయలనుకుందాం.

కాయలు కుప్పలు పెట్టే ముందు కథ కొంచెం చెప్పాలి కదా. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. కాంగ్రెస్ పెద్దలు బెంగళూరులో కూర్చుని లోక్‌సభ స్పీకరుగా ఉన్న సంజీవరెడ్డిని అభ్యర్థి అన్నారు. ఇందిరకు ఇష్టం లేదు. అయినా నామినేషన్ మీద ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది. ఉపరాష్ట్రపతి గిరి రాజీనామా చేసి స్వతంత్రంగా దిగారు. చివర్లో ఇందిర అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేసుకోండి అనేసింది. తన సంతకం ఉన్న కాగితానికి ఎదురుగా. మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్, స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు నిలబెట్టినాయన, రిజర్వ్ బ్యాంకు గవర్నరూ ఆర్థికమంత్రీ చేసినాయన.

"ఆయన మన దుర్గాబాయమ్మ భర్తే" అంది వంటింట్లోంచి మా ఆవిడ. అవును, రాజమండ్రి ఆడబిడ్డ. గిరి బరంపురం తెలుగువాడు, ఈయన ఇల్లూరు, ఆయన ఆంధ్రా అల్లుడు. మొత్తం మన చుట్టాల గొడవే.

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. మొదటి లెక్కలో గిరికి 4,01,515. నలభై కాయలు ఎడంవైపు. సంజీవరెడ్డికి 3,13,548. ముప్పై ఒకటి కుడివైపు. దేశ్‌ముఖ్‌కు 1,12,769. పదకొండు మధ్యలో. ఇంకో పన్నెండు మంది అభ్యర్థులకు అందరికీ కలిపి ఒక్క కాయ. ఎవరికీ నలభై రెండు లేవు.

"ఇప్పుడు చూడు" అని మధ్య కుప్ప మీద చెయ్యి పెట్టాను. ఓటు వేసినవాళ్లు రెండో ఇష్టం కూడా రాసుంటారు. కిందున్నవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ, వాళ్లకు పడిన కాగితాల మీద రెండో పేరు ఎవరిదో చూసి అటు పంపుతారు. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ముందే స్వతంత్ర, జనసంఘ్ వాళ్లను కలిసి మీ రెండో ఓటు మావాడికి వెయ్యండి అని అడిగి పెట్టుకున్నాడు. ఇందిర వర్గం దాన్నే పట్టుకుని రచ్చ చేసింది. ఫలితం ఎట్లా వచ్చిందంటే, ఈ పంపకంలో సంజీవరెడ్డికి వచ్చి పడినవి దాదాపు 92 వేలు. తొమ్మిది కాయలు! గిరికి వచ్చినవి 18,562. రెండు కాయలు.

అమ్మాయి తనే జరిపింది. కుడివైపు నలభై. ఎడంవైపు... నలభై ఒకటి.

"నాన్నా, ఒకటి తగ్గింది."

మళ్లీ లెక్కపెట్టింది. నలభై ఒకటే. ముగ్గురం బామ్మర్ది వైపు చూశాం. దవడ ఆడుతోంది.

"గిరిగారి ఓటు తినేశావేమప్పా" అన్నాను. వాడు పొట్టు ఉమ్మి, కుప్పలోంచి ఇంకో కాయ తీసి పెట్టి, "రిగ్గింగు, ఏం చేస్తారు" అన్నాడు. పన్నెండు రోజుల తర్వాత వాళ్ల అక్క వంటింట్లోంచి గట్టిగా నవ్వడం విన్నాను.

చివరి లెక్క: గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. రెండో పేరు రాయని ఓట్లు ఒక కాయంత ఎవరికీ చెందకుండా పేపరు మీద మిగిలింది. గిరి గీత దాటింది రెండువేల లోపు తేడాతో. ఆ ఏడాదే నవంబరులో కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

"ఇంత దగ్గరకొచ్చి పోయాక ఏం చేశాడు?" అని అడిగింది బామ్మర్దే, అమ్మాయి కాదు.

అనంతపురం వచ్చి సేద్యం చేసుకున్నాడు. స్పీకరు పదవి ఈ పోటీకోసం ముందే వదిలేశాడు, ఎంపీ సీటు 1971లో నిలబడితే అదీ పోయింది. ముఖ్యమంత్రి, అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడు, కేంద్రమంత్రి, స్పీకరు అన్నీ చేసిన మనిషి. ఊళ్లో ముఖాలు చూడాలి కదా. ఎట్లా చూశాడో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. పదవుల గురించి అందరూ రాస్తారు, ఆ ఏళ్లలో పొద్దున లేచి ఏం చేశాడో ఎవరూ రాయరు. 1975లో హైదరాబాదులో జయప్రకాశ్ నారాయణ్ సభకు వెళ్లేదాకా బయటికి రాలేదు. 1977లో నంద్యాల నుంచి జనతా తరఫున నిలబడ్డాడు. రాష్ట్రంలో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్‌వి, మిగిలిన ఒక్కటీ ఈయనది. మార్చిలో మళ్లీ స్పీకరు, జూలై 25న రాష్ట్రపతి. ఆసారి 37 నామినేషన్లు వస్తే 36 చెల్లలేదు. అమ్మాయి ప్రశ్నకు జవాబు అది. రాష్ట్రపతులు జూలై 25న ప్రమాణం చేయడం అప్పటినుంచే ఆనవాయితీ, అది కూడా రాసుకోమన్నాను.

జీతంలో డెబ్బై శాతం వద్దన్నాడని నాకు గౌరవం. 1979 ఆగస్టులో మాత్రం ఆయన చేసింది నాకు మింగుడు పడదు. ప్రధాని మొరార్జీ దేశాయ్ దిగిపోయాక ఆ కుర్చీకి చరణ్‌సింగ్‌ను పిలిచాడు, సరే. ఇందిర మద్దతు తీసేస్తే ఆయన లోక్‌సభ ముఖం కూడా చూడకుండా దిగిపోయాడు. అప్పుడు జనతా నాయకుడు జగ్జీవన్‌రామ్ నాకు బలం ఉంది, అవకాశమివ్వండి అంటున్నాడు. ఇవ్వకుండా 22న సభ రద్దు చేశాడు. బలం ఉందో లేదో సభలో తేలనిస్తే ఏం పోయేది? ఒక దళితుడు ప్రధాని అయ్యే అవకాశం ఆ సంతకంతో పోయింది. ఇది చెప్తే మా నాన్న ఒప్పుకునేవాడు కాదు, ఫిరాయింపుల బేరాలు నడుస్తున్న రోజులవి అనేవాడు. ఈ గొడవ మా ఇంట్లో ఆయన పోయేదాకా నడిచింది.

ఎన్నికలు జరిగాయి, ఇందిర గెలిచింది. 1980 జనవరి 14న ఆమె చేత ప్రమాణం చేయించింది సంజీవరెడ్డే. సంక్రాంతి పూట.

"ఆయన చదువుతుంటే ఆయమ్మ వెనకాల చదివిందా?" అన్నాడు బామ్మర్ది.

"అంతే కదా ప్రమాణమంటే."

కాసేపు ఏమీ అనలేదు. గిరి కుప్ప, సంజీవరెడ్డి కుప్ప కలిపేసి వలవడం మొదలుపెట్టాడు. 1982లో పదవి అయ్యాక ఢిల్లీలో ఉండకుండా మళ్లీ అనంతపురమే వచ్చాడని, 1996 జూన్ 1న బెంగళూరులో పోయాడని, శ్రీశైలం జలాశయానికి ఆయన పేరుందని అమ్మాయి చదువుకుంటూ ఉంది. పేపరు నిండా పొట్టు. ఎవరికీ చెందని ఆ ఒక్క కాయ అమ్మాయి తినేసింది.

పడుకునేముందు వాడు వరండాలోకి వచ్చాడు. ఆకాశం వైపు చూసి, గాలి పడమర నుంచి తిరిగింది బావా అన్నాడు. తర్వాత, "మొదటి బస్సు ఎన్నింటికి?"

ఐదున్నరకు అన్నాను. కళ్లద్దాలు బుధవారం ఇస్తామన్నారు షాపువాళ్లు. నేనే తెచ్చి ఎవరి చేతనైనా పంపిస్తానని చెప్పాను.