చుక్కకు పిడుదుల జ్వరం వచ్చినప్పుడు

మా ఇంట్లో అందరికీ రైల్వే హాస్పిటల్ కార్డు ఉంది. మా ఆయన కాజీపేటలో లోకో పైలట్ కాబట్టి నాకైనా, పిల్లలకైనా, అత్తమ్మకైనా జ్వరమొస్తే పైసలకు వెతుక్కునే పని లేదు. మా కుక్క చుక్కకు మాత్రం ఏ కార్డూ లేదు. దానికి జబ్బు చేస్తే ఎక్కడికి తీసుకుపోవాలి, ఎంతవుతుంది, అంత పెట్టగలమా అన్న ప్రశ్నలన్నీ ఒక్కసారే మీద పడతాయి. పోయిన వానాకాలం మాకు అదే అయింది.

చుక్క ఊరకుక్క. వడ్డేపల్లిలో మేముండే గల్లీలోనే పుట్టింది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని మా పాప ఆ పేరు పెట్టింది. ఇరవై కిలోల బరువు, మంచి ఆకలి ఉన్న మనిషి అంటాం దాన్ని. అలాంటిది పెరుగన్నం గిన్నె ముందు పెడితే వాసన చూసి పక్కకు పోయి పడుకోవడం మొదలుపెట్టింది. అత్తమ్మే ముందు కనిపెట్టింది. "కండ్లు లోపలికి పోయినయ్ చూడు బిడ్డా, ఒళ్లు కాలుతున్నది" అంది. ఆ మర్నాడు పొద్దున వంటింటి గడప దగ్గర టైల్స్ మీద రక్తం బొట్లు. ముక్కులో ఒక పక్క నుంచి కారుతోంది. అది నాలుకతో తుడుచుకుంటోంది, మళ్లీ కారుతోంది. మా పాప ఏడుపు ఆపలేకపోయాను.

మా ఆయన బల్లార్షా వైపు డ్యూటీలో ఉన్నాడు. ఆటోవాళ్లు కుక్కను చూడగానే "వద్దక్కా, సీట్లు ఖరాబైతయ్" అని వెళ్లిపోయారు. చివరికి పక్కింటి వాళ్ల కారులో దుప్పటి పరిచి ఊళ్లో ఒక క్లినిక్‌కు తీసుకుపోయాం. అక్కడ వరసలో ఏవేవో కుక్కలు, మొరుగుడు. చుక్క బెంచీ కిందికి దూరి వణికింది. నోటికి గుడ్డ కట్టినా జ్వరం కూడా చూడనివ్వలేదు. బలానికని ఒక ఇంజెక్షన్ వేసి, టెస్టుల జాబితా చేతిలో పెట్టారు. "ఎంతవుతుంది సార్?" అంటే "ముందు చేయిద్దాం, తర్వాత చూద్దాం" అన్నారు. ఈ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎంతో తెలియకుండా ఒప్పుకునే స్తోమత మా వంటి ఇళ్లకు ఉండదు. అడిగితే కుక్క మీద ప్రేమ లేనట్టు చూస్తారు.

పరకాల దగ్గర ఊర్లో ఉన్న మా బాపు ఫోన్లో "1962కు కొట్టు బిడ్డా, బండి ఇంటికే వస్తది" అన్నాడు. ఆయన బర్రెకు పొదుగు వాపు వచ్చినప్పుడు ఆ బండే వచ్చి చూసింది. 2017లో మన తెలంగాణలో వంద వాహనాలతో ఆ సంచార పశువైద్యశాలలు మొదలయ్యాయి. డాక్టర్, మందులు అన్నీ బండిలోనే ఉంటాయి, రైతు పైసా కట్టనక్కర్లేదు. పల్లెల్లో అవి ఎంత మేలు చేశాయో మా బాపును అడిగితే పూట గడుస్తుంది. కానీ అవి పల్లెల్లోని పశువులు, గొర్రెలు, మేకల కోసం పెట్టిన బండ్లు. టౌన్‌లో కుక్కకు ముక్కులోంచి రక్తం కారుతుంటే వచ్చేందుకు అలాంటి ఏర్పాటు లేదు. ఉండాలని నేను గట్టిగా అంటాను. ఉచితం కాకపోయినా సరే, రేటు ఇంత అని బండి మీద రాసి పెడితే చాలు.

మా బడిలో పనిచేసే ఒక టీచరమ్మ ఇళ్లకు వచ్చే పశువైద్యుడి నంబర్ ఇచ్చింది. ఫోన్లోనే ఆయన "వచ్చి చూడడానికి 700 మేడమ్. మందులు, టెస్టులు వేరు. ఏది చేసినా ఎంతో ముందే చెప్తా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం దిగింది.

సాయంత్రం బైకు మీద వచ్చాడు. చిన్న వయసే. పెట్టె అరుగు మీద పెట్టి, చుక్క వైపు చూడకుండా కింద కూర్చుని అత్తమ్మతో మాట్లాడాడు. ఏం తింటది, ఎక్కడ పడుకుంటది, నీళ్లు తాగుతున్నదా అని. కాసేపటికి చుక్కే లేచి వచ్చి ఆయన చెయ్యి వాసన చూసింది. అప్పుడు మొదలుపెట్టాడు. పై పెదవి ఎత్తి చూపించాడు, గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. థర్మామీటర్ పెడితే 104 దాటింది. కుక్కలకు మామూలుగానే 101, 102 ఉంటుందట. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో వెతికితే పిడుదులు దొరికాయి. కొన్ని నువ్వుగింజంత, ఒకటి రక్తం తాగి చిక్కుడు గింజంత.

తర్వాత ఆయన చేసిన పని ఏ క్లినిక్‌లోనూ జరిగేది కాదు. "అది రోజూ పడుకునే చోటు చూపించక్కా" అన్నాడు. నీళ్ల డ్రమ్ము వెనకాల గోనెసంచి మీద పడుకుంటుంది. సంచి ఎత్తి, ఫోన్ లైటు వేసి గోడ పగుళ్లలోకి చూశాడు. నన్ను వంగి చూడమన్నాడు. సిమెంటు ఊడిన సందులో గోధుమ రంగు పిడుదులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. రక్తం నిండిన ఆడ పిడుదు కుక్క మీంచి రాలి, గోడెక్కి పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుందట. వాటిలోంచి వచ్చిన పిడుదులు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయట. "కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే మళ్లీ నాకు ఫోన్ చేయాల్సి వస్తది" అన్నాడు.

పిడుదు కుట్టినప్పుడు ఎర్లికియా అనే సూక్ష్మజీవి రక్తంలోకి దిగి తెల్లకణాల్లో కాపురం పెడుతుందనీ, ప్లేట్‌లెట్లు పడిపోతాయనీ, అందుకే ముక్కు కారిందనీ చెప్పాడు. ప్లేట్‌లెట్లంటే మాకు కొత్త కాదు. డెంగీ సీజన్‌లో వరంగల్‌లో ఏ ఇంట చూసినా ఆ మాటే కదా.

ఇక పైసల సంగతి. ఒక కాగితం తీసుకుని రెండు భాగాలుగా రాశాడు. ఈ రోజు తప్పనిసరి: రక్తపరీక్ష, సెలైన్, పిడుదుల జ్వరం మాత్రలు. ఆగొచ్చు: కిడ్నీ, లివర్ పరీక్షలు, స్కానింగ్. వారంలో కోలుకోకపోతేనే అవి చేద్దామన్నాడు. ప్రతిదాని పక్కన రేటు వేశాడు. ఆ కాగితం ఫొటో తీసి మా ఆయనకు పంపాను. బండి ఆగినప్పుడు చూసి "కానియ్యి" అని ఒక్క మాట పెట్టాడు. డబ్బు గురించి ఇలా సూటిగా మాట్లాడడం కూడా వైద్యంలో భాగమేనని నాకు ఆ సాయంత్రం అర్థమైంది. తెలిస్తే ధైర్యంగా మొదలుపెడతాం. తెలియకపోతే సగంలో ఆపేస్తాం, సగంలో ఆపిన మందుతో ఈ జబ్బు తగ్గదు.

ఇంకో విషయం ఆయన చెప్పేదాకా తెలియదు. వాడాల్సిన మందు డాక్సీసైక్లిన్, మనుషులకిచ్చేదే. మామూలు మెడికల్ షాపులో చీటీ చూపిస్తే దొరుకుతుంది, ప్రభుత్వం ధర కట్టడి చేసిన మందుల్లో ఉంది కాబట్టి చవకే. రోజుకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల లెక్కన చుక్కకు పొద్దున ఒక 100, రాత్రి ఒక 100. నాలుగు వారాలు. ఇది చుక్క బరువు చూసి, రక్తం చూసి డాక్టర్ రాసింది. ఎవరి కుక్కకైనా వాళ్ల డాక్టరే చెప్పాలి. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్, నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా వేయొద్దని మరీ మరీ చెప్పాడు, అవి కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి.

రిపోర్టులో ప్లేట్‌లెట్లు 41 వేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 2 లక్షల పైన ఉండాలి. బొప్పాయి ఆకు రసం పొయ్యమని గల్లీలో అందరూ చెప్పారు. డాక్టర్‌ను అడిగితే, సూక్ష్మజీవి చస్తే ప్లేట్‌లెట్లు వాటంతట అవే వస్తాయి, వాంతులవుతున్న కుక్కకు చేదు పొయ్యొద్దు అన్నాడు. పొయ్యలేదు.

అసలు కష్టం మాత్ర మింగించడంలో వచ్చింది. ఖాళీ కడుపున ఇస్తే వాంతి. పాలు, పెరుగుతో ఇస్తే అందులోని కాల్షియం మందును పట్టుకుని ఒంటికి ఎక్కనివ్వదు. చుక్కకేమో పెరుగన్నం తప్ప మరొకటి సయించదు. అత్తమ్మ మాంసం ముట్టదు, అయినా చుక్క కోసం తనే పొయ్యి దగ్గర నిలబడి కోడి ఎముకల రసం కాచింది. అందులో మెత్తగా ఉడికించిన అన్నం పిసికి, మొదటి ముద్ద ఉత్తది, రెండో ముద్దలో మాత్ర, మూడోది మళ్లీ ఉత్తది. ముద్ద ముద్దకూ "తిను బిడ్డా" అంటూ. సెలైన్ బాటిల్ కిటికీ ఊచకు కట్టి, డాక్టర్ గొట్టం పట్టుకుంటే నేను దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. తన ఇంట్లో, తన చోట ఉంది కాబట్టి సూదికి కూడా అంతగా బెదరలేదు.

రెండు మూడు రోజులకే జ్వరం దిగింది. ముక్కు కారడం ఆగింది. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర కూరగాయల బండి అరుపు వినగానే లేచి రెండుసార్లు మొరిగింది. నేను గ్యాస్ ఆపేసి వచ్చి చూశాను. మొరుగుడు విని అంత సంతోషించింది ఎప్పుడూ లేదు.

"ఊరకుక్కకు ఇన్ని పైసలా?" అని అడిగినవాళ్లున్నారు. మొత్తం మీద 8 వేల దాకా అయింది. మా నెల బడ్జెట్‌లో అది చిన్న మొత్తం కాదు, పిల్లల ఫీజు వాయిదా వెనక్కి జరపాల్సి వచ్చింది. కానీ మా ఆయన రాత్రి డ్యూటీలకు పోయినన్నాళ్లూ గేటు దగ్గర పడుకునేది ఎవరు? నేను అడిగినవాళ్లకు ఇదే చెప్పాను. దానికి జాతి లేదని దాని నొప్పి తక్కువైపోదు.

గోనెసంచి కాల్చేశాం. మేస్త్రీని పిలిచి పగుళ్లన్నీ సిమెంటు పెట్టి మూయించాం, డాక్టర్ చెప్పిన కొలతలో మందు కలిపి గోడలకు కొట్టించాం. మొదటిసారి గుడ్లు చావవు కాబట్టి కొన్నాళ్లాగి మళ్లీ కొట్టించాం. నెలకోసారి పిడుదులు పట్టకుండా మాత్ర. దాని ధర ఎక్కువే, అయినా జబ్బు ఖర్చు ముందు తక్కువ.

కుక్కలకు ఇన్సూరెన్స్ కూడా చూశాను. బజాజ్ అలయన్జ్ 2020లో మొదలుపెట్టింది, ఇంకా కొన్ని కంపెనీలవీ ఉన్నాయి. పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బులు అందులోకి రావు, తీసుకున్నాక కూడా కొన్నాళ్లు ఆగాలి. పెద్ద ఆపరేషన్ల భయం ఉన్నవాళ్లకు పనికొస్తుంది. మాకు మాత్రం చుక్క పేరు చెప్పి నెలకు 500 వేరే అకౌంట్‌లో వేయడమే కుదిరింది. చిట్టీ వద్దనుకున్నాం, అవసరానికి పాట మనకు వస్తుందన్న నమ్మకం లేదు.

కోర్సు అయ్యాక మళ్లీ రక్తం తీస్తే ప్లేట్‌లెట్లు 2 లక్షల 30 వేలు. ఈ సూక్ష్మజీవి ఒంట్లో దాగి ఉండి నెలల తర్వాత కూడా తిరగబెట్టొచ్చు కాబట్టి తిండి తగ్గితే వెంటనే ఫోన్ చేయమన్నాడు డాక్టర్. ఇప్పుడు మా గల్లీలో కుక్కలున్న నాలుగిళ్లం కలిసి ఆయనను ఒకే రోజు పిలుస్తున్నాం. దూరం నుంచి వచ్చే ఖర్చు నలుగురికీ పంచుకుంటే ఒక్కో ఇంటికి ఫీజు సగానికి దిగింది. రేబిస్ టీకా మాత్రం జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలలో ఉచితంగా వేస్తారు, దానికి అందరం కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. సీట్లు ఖరాబవుతాయన్న గొడవ లేకుండా.