రోడ్డు ఇరుకు చేసుకున్న ఊరు

ముప్పై ఒక్క ఏళ్లు మునిసిపాలిటీల్లో, అదీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఏ ఊరెళ్లినా ముందు గోడకీ గోడకీ మధ్య దూరమే కనపడుతుంది. పెళ్లికెళితే పందిట్లోకి అడుగు పెట్టకముందే కల్యాణమండపం సెట్‌బ్యాక్, అంటే కట్టడం చుట్టూ ఉంచాల్సిన ఖాళీ జాగా, వదిలిందా లేదా అని కళ్లు వెతుకుతాయి. మా ఆవిడ దీనికి "టేపు చూపు" అని పేరు పెట్టింది.

ఆ చూపు వేసుకునే మొన్న మే నెలలో మావాడి దగ్గరికి అమెరికా వెళ్లాను. సౌత్ కరోలినాలో గ్రీన్‌విల్ అనే ఊరు. బీఎండబ్ల్యూ కార్ల ఫ్యాక్టరీ ఆ చుట్టుపక్కలే. మిషెలిన్ టైర్ల వాళ్ల ఉత్తర అమెరికా ఆఫీసు ఆ ఊళ్లోనే. అందుకని మన పిల్లలు బాగానే చేరారు. ఊరి చుట్టూ పేటలు చాలా ఉన్నాయి గానీ, నగరం హద్దుల్లో జనాభా 2020 లెక్కల ప్రకారం 70,720. అంటే మన లెక్కలో ఓ మామూలు మునిసిపాలిటీ. నేను రిటైరైన ఊరు కూడా కొంచెం అటూ ఇటూగా అంతే. ఆ అంకె వినగానే నాకు హుషారొచ్చింది. న్యూయార్కులూ షికాగోలూ చూసి చేసేదేముంది, చూస్తే మన సైజు ఊరే చూడాలి.

మొదటి శనివారం పొద్దున్నే కోడలు, "మావయ్యగారూ, ఇవాళ మెయిన్ స్ట్రీట్‌లో సంత ఉంటుంది, వెళ్దామా?" అంది. సంత అనేసరికి మా ఆవిడ నాకంటే ముందు చెప్పులేసుకుంది.

ఊరి నడిబొడ్డున పెద్ద బజారు. దాన్ని బండ్లు రాకుండా అడ్డాలు పెట్టి మూసేసి, రోడ్డు మధ్యలో గుడారాలు వేశారు. స్ట్రాబెర్రీలు, తేనె సీసాలు, అప్పుడే కాల్చిన రొట్టెలు, మొక్కలు. మే నుంచి అక్టోబరు దాకా శనివారాలు ఇదే వరసట. నేను సంత చూడలేదు, తలెత్తి పైకి చూశాను. రెండు పక్కలా చెట్లు, కొమ్మా కొమ్మా కలిసిపోయి రోడ్డు మీద పందిరి వేసినట్టున్నాయి. తొమ్మిదిన్నరకి కూడా ఎండ ముక్కలు ముక్కలుగానే కిందికి దిగుతోంది.

తర్వాత అలవాటు ఊరుకోనివ్వలేదు. దుకాణం గోడకి మడమ ఆనించి అడుగులో అడుగు వేస్తూ ఫుట్‌పాత్ అంచు దాకా నడిచాను. మనవరాలు పక్కన చేరింది.

"తాతా, ఏం లెక్కపెడుతున్నావ్?"

"రోడ్డు ఎంత ఉందో చూస్తున్నానమ్మా."

"రోడ్డు అక్కడుంది కదా, నువ్వు ఇక్కడ కొలుస్తున్నావేంటి?"

పిల్ల అడిగింది సరైన ప్రశ్నే. అక్కడ రోడ్డు అంటే బండ్లు పోయే రెండు వరసలే. మిగతాది నడిచేవాళ్లది, చెట్లది, హోటళ్ల వాళ్లు బయట వేసుకున్న కుర్చీలూ బల్లలది. ఆ బల్లల్ని చూడగానే నా చెయ్యి జేబులో పెన్ను కోసం వెళ్లింది. మా ఆఫీసులో అయితే అవన్నీ "ఆక్రమణలు" అనే గడిలోకి పోయేవి. ఇక్కడ మునిసిపాలిటీయే వాటికి అనుమతిస్తుందని మావాడు చెప్పాడు.

తేనె అమ్ముతున్న పెద్దాయనతో మావాడు మాట కలిపాడు. ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి. ఈ వీధి ఒకప్పుడు నాలుగు వరసల రోడ్డనీ, తన వయసు పిల్లలు కార్లలో దూసుకుపోయేవాళ్లనీ, సాయంత్రం ఐదు దాటితే మనిషన్నవాడు కనపడేవాడు కాదనీ చెప్పాడు. ఇంటికొచ్చాక కూర్చుని తీరిగ్గా వెతికితే సంగతి తెలిసింది. గ్రీన్‌విల్ బట్టల మిల్లుల ఊరు. "ప్రపంచ వస్త్ర కేంద్రం" అని తనకి తనే బిరుదు ఇచ్చుకుంది కూడా. మిల్లులు నీరసించాయి. 1968లో ఊరి అంచున మెకాలిస్టర్ స్క్వేర్ అనే మాల్ తెరిచారు. కారు పార్కింగూ ఏసీ గాలీ రెండూ ఉన్నచోటికి బేరం వెళ్లిపోయింది. నడిబజారులో పెద్ద దుకాణాలు ఒక్కొక్కటీ షట్టర్లు దించాయి.

అప్పుడు మేయరు మాక్స్ హెల్లర్. ఈయన కథ వేరే. వియన్నా యూదుడు. 1937లో అక్కడ ఒక నాట్యశాలలో, యూరప్ చూడటానికొచ్చిన గ్రీన్‌విల్ అమ్మాయితో పరిచయమైంది. మరుసటి ఏడాది నాజీలు వియన్నాలోకి రాగానే ఆ అమ్మాయికే ఉత్తరం రాశాడు. ఆమె ఊళ్లోని చొక్కాల ఫ్యాక్టరీ యజమానిని ఒప్పించి హామీ ఇప్పించింది. కుర్రాడు వచ్చి అదే ఫ్యాక్టరీలో నేల ఊడ్చే పనిలో చేరాడు. తర్వాత సొంత చొక్కాల కంపెనీ పెట్టాడు. 1971 నుంచి 1979 దాకా మేయరు. వియన్నా వీధుల్లో జనం బయట కూర్చుని కాఫీ తాగడం చూసి పెరిగినవాడు కాబట్టి, బజారంటే కార్లు పోయే దారి కాదు, మనుషులు కూర్చునే చోటు అని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. లారెన్స్ హాల్ప్రిన్ అనే పేరున్న డిజైనర్‌ని పిలిపించి, మెయిన్ స్ట్రీట్‌ని నాలుగు వరసల నుంచి రెండు వరసలకి కుదించాడు. మిగిలిన జాగాలో ఫుట్‌పాత్ వెడల్పు చేసి, చెట్లు నాటించాడు. ఆ పొద్దున నా నెత్తి మీద పందిరి వేసినవి ఆ చెట్లే.

కుదించాడు. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఎందుకంటే నా సర్వీసంతా దీన్ని తిరగేసిన పని. మా ఊరు పెద్దబజారుకి 60 అడుగుల వెడల్పు తీర్మానమైనప్పుడు ఎందాకా పగలగొట్టాలో మార్కింగ్ వేసింది నేనే. కొలత గొలుసు పట్టే చైన్‌మ్యాన్ ఒకడు, ఎర్రరంగు డబ్బా, రెండంగుళాల కుంచె, నేను. పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టాం, షాపులు తెరిచేలోగా సగం అయిపోవాలని. గాజుల కొట్టు అరుగు మీద గీత పడింది. దాని పక్కనే వేపచెట్టు. చెట్టుకి గీత వెయ్యాలా వద్దా అని చైన్‌మ్యాన్ అడిగాడు. వెయ్యమన్నాను. గాజుల కొట్టాయన బయటికొచ్చి గోడకి పడిన గీతని చూసి, "ఇంతేనా బాబూ, ఇంకా లోపలికొస్తారా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పన్నెండడుగుల కొట్టుకి నాలుగడుగులు మిగిలింది. నష్టపరిహారం బదులు కొందరికి టీడీఆర్ బాండ్లు ఇచ్చారు, అంటే పోయిన జాగాకి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు, కావాలంటే అమ్ముకోవచ్చు. పెద్ద నగరంలో ఆ బాండుని ఏ బిల్డరో కొంటాడు. మా ఊళ్లో రెండంతస్తులు దాటి కట్టేవాడే లేడు, దాన్ని ఎవడు కొంటాడు? బీరువాలో పెళ్లిపత్రికల పక్కన పెట్టుకున్నారు. వెడల్పైన రోడ్డేమో ఏడాది తిరక్కుండా రెండు పక్కలా బైకులూ ఆటోలూ నిలిచి, మళ్లీ మునుపటి వెడల్పుకే వచ్చింది. నీడ మాత్రం పోయింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. వాళ్ల జబ్బు వేరు, మన జబ్బు వేరు. వాళ్ల బజారు మనుషుల్లేక చచ్చింది. మనది మనుషులు ఎక్కువై ఊపిరాడక గింజుకుంటోంది. పైగా మెయిన్ స్ట్రీట్‌కి సమాంతరంగా చర్చ్ స్ట్రీట్ లాంటి పెద్ద రోడ్లున్నాయి. ఊరు దాటిపోయే కారు నడిబజారులోంచే పోవాల్సిన పని లేదు. మాకు బైపాస్ వచ్చేలోగానే బజారు పగలగొట్టేశాం. వరస తప్పింది మాకు.

చెట్లు నాటగానే జనం వచ్చెయ్యలేదట, అది కూడా నాకు నచ్చిన సంగతే. బజారు ఈ చివర ఒక పెద్ద ఆకర్షణ, ఆ చివర ఇంకొకటి ఉంటేనే మధ్యలో నడక ఉంటుంది. ఒక చివర గుడి, ఇంకో చివర గంటస్తంభం ఉన్న ఏ పాత ఊళ్లోనైనా మన పెద్దవాళ్లు చేసిందిదే. గ్రీన్‌విల్‌లో 1982లో ఉత్తరపు చివర హయత్ హోటల్ వచ్చింది. కట్టింది ప్రైవేటువాళ్లే అయినా, నగరం కూడా డబ్బు పెట్టి, లోపలి పెద్ద హాలుని అందరూ తిరిగే చోటుగా ఉంచింది. 1990లో నది ఒడ్డున పీస్ సెంటర్ అనే నాటకశాల. 1925లో కట్టి, తర్వాత పాడుబడిన పాయిన్‌సెట్ హోటల్‌ని బాగుచేసి 2000లో మళ్లీ తెరిచారు. లెక్క చూసుకోండి, రోడ్డు కుదించినప్పటి నుంచి ఇరవై ఏళ్లకు పైనే. నేను చివరి ఊళ్లో ఉన్న ఆరేళ్లలో నలుగురు కమిషనర్లు మారారు. ఒకాయన ఫౌంటెన్ అంటే, ఇంకొకాయన దాన్ని పూడ్చి ఐలవ్యూ బోర్డు పెట్టించాడు. ఇక్కడ నగరాన్ని నడిపే మేనేజర్ని రాష్ట్రం పంపదు, ఎన్నికైన కౌన్సిలే పెట్టుకుంటుంది. మేయరు, ఆరుగురు సభ్యులు, అంతే కౌన్సిల్. 1995లో మేయరైన నాక్స్ వైట్‌ని జనం మళ్లీ మళ్లీ గెలిపించారు. ఒకే మనిషి అంతకాలం ఉండటం మంచిదా అంటే నాకూ సందేహమే. కానీ వేసిన చెట్టుకి నీళ్లు పోసేవాడు మారకపోవడం వేరే సుఖం.

మధ్యాహ్నం బజారు వెంట కిందికి నడిస్తే రీడీ నది. ఊరి మధ్యలో బండరాళ్ల మీంచి దూకే జలపాతం. దీని మీద 1960లో రాష్ట్ర హైవే వాళ్లు క్యాంపర్‌డౌన్ వంతెన కట్టారు, నాలుగు వరసలది. జలపాతం దానికింద చీకట్లో పడిపోయింది. మిల్లులు రంగు నీళ్లు వదిలేవి కాబట్టి ఆ రోజుల్లో ఎవరికీ పెద్ద బెంగ కూడా లేదు. 1967 నుంచి ఊళ్లోని ఒక తోటల క్లబ్బు ఆడవాళ్లు ఆ చోటు శుభ్రం చెయ్యడం మొదలుపెట్టి, వంతెన తీసెయ్యండని పోరుతూనే ఉన్నారు. వాళ్ల మాట నెగ్గడానికి 2002 దాకా పట్టింది. బాగానే పనిచేస్తున్న వంతెనని ఎవరైనా పడగొడతారా? వీళ్లు పడగొట్టారు. ఆ చోట 2004లో నడిచేవాళ్ల కోసం లిబర్టీ బ్రిడ్జ్ కట్టారు. పొడవు 355 అడుగులు, విల్లులా వంపు తిరిగి ఉంటుంది. తీగలు ఒక్క పక్కనే. జలపాతం వైపు అడ్డమేమీ లేకుండా గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. మధ్యలో నిలబడితే పదిమంది నడకకి సన్నగా ఊగింది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, "ఏమండీ, ఇది గట్టిదేనా? మీరు సంతకం పెట్టింది కాదు కదా?" అంది.

భోజనం బిల్లు వచ్చినప్పుడు పన్ను ఎంతో చూశాను. నూటికి ఎనిమిది. అందులో రెండు నగరానికి వెళ్లే ఆతిథ్య పన్ను అని మావాడు చెప్పాడు. వండి వడ్డించిన తిండి మీద వసూలు చేసే ఆ డబ్బుని యాత్రికులకి పనికొచ్చే వాటి మీదే ఖర్చు పెట్టాలని రాష్ట్ర చట్టం. అంటే నేను తిన్న గుడ్డట్టులో రెండు శాతం ఆ ఊరి పార్కుల్లాంటివాటికి. మన మునిసిపాలిటీలో ఏ మూల నుంచి వచ్చిన రూపాయైనా జనరల్ ఫండ్ అనే చెరువులో కలిసి, కరెంటు బిల్లుకీ జీతాలకీ పారిపోతుంది. ఆ ఒక్క కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను. ఇంకా ఉంది.

మర్నాడు ట్రావెలర్స్ రెస్ట్ వెళ్లాం. పది మైళ్లు. కొండలెక్కే ముందు పశువుల్ని తోలుకెళ్లేవాళ్లు ఆగే చోటు కాబట్టి ఆ పేరు. అచ్చంగా మన సత్రం. 2010లో 4,576 మంది ఉన్న ఊరు, 2020కి 7,788 అయింది. మూతపడిన పాత రైలు దారిని సైకిళ్లూ నడకల బాటగా మార్చి గ్రీన్‌విల్ నుంచి ఇక్కడిదాకా వేశారు. దాని పేరు స్వాంప్ రాబిట్ ట్రెయిల్, ఆ రైలుకి జనం పెట్టుకున్న ముద్దుపేరే. మోకాళ్ల నొప్పులవాణ్ణి, సైకిలెక్కలేదు. నీడలో కూర్చుని ఐస్‌క్రీం తిని వచ్చాను.

అంతా బంగారమేమీ కాదు. మావాడు పెళ్లికి ముందు మెయిన్ స్ట్రీట్ దగ్గర గది అద్దెకుండేవాడు, ఇప్పుడక్కడ అడుగు పెట్టలేనంటాడు. నడిబజారు బాగుపడితే మొదట పెరిగేది అద్దె, మొదట వెళ్లిపోయేది తక్కువ జీతాలవాళ్లు. 2022లో నల్లజాతివాళ్లు తరతరాలుగా ఉన్న పేట పక్కన 60 ఎకరాల యూనిటీ పార్కు తెరిచినప్పుడు, చౌక ఇళ్ల కోసం నగరం కొంత స్థలం విడిగా ఉంచిందట. ఆ ఇళ్లు చాలతాయా అన్నది అక్కడివాళ్లే చెప్పాలి.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం మనవరాలు మళ్లీ మెయిన్ స్ట్రీట్‌కి లాక్కెళ్లింది. హయత్ నుంచి పాయిన్‌సెట్ దాకా ఆ వీధిలో తొమ్మిది చిన్న కంచు ఎలుకలు దాక్కుని ఉంటాయి. ఒక హైస్కూల్ కుర్రాడి ఆలోచనట. అరచేతిలో పట్టేంత ఉంటాయి, గోడ అంచున ఒకటి, మూల మీద ఒకటి. వాటిని వెతుక్కుంటూ పిల్లలు బజారంతా నడుస్తారు, వెనకాల పెద్దవాళ్లూ నడుస్తారు. పిల్ల ఎనిమిదింటిని పట్టేసింది. తొమ్మిదోది దొరకట్లేదు. నేను ఒక చెట్టుకింద బెంచీ మీద కూలబడ్డాను.

ఫోను మోగింది. నా తర్వాత ఆ సీట్లోకి వచ్చిన కుర్రాడు. మన దగ్గర అప్పుడే తెల్లవారుతూ ఉండాలి.

"సార్, ఇబ్బంది పెడుతున్నా. కొత్త మాస్టర్ ప్లాన్‌లో పెద్దబజారుకి 80 అడుగులంటున్నారు. మీ టైంలో మార్కింగ్ రిజిస్టర్ ఉండాలి కదా, ఎక్కడుందో గుర్తుందా?"

గుర్తుంది. రికార్డు రూములో రెండో ఇనప బీరువా, కింది అర, ఎర్రగుడ్డలో చుట్టి. చెప్పాను. "చాలా థ్యాంక్స్ సార్" అని పెట్టేశాడు.

"తాతా! దొరికింది!" అని మనవరాలు అరిచింది. లేచి వెళ్లాను.