జ్ఞానదంతం తీయించాక మూడో రోజు మళ్ళీ లేచిన నొప్పి

నా కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా పడుకుని, ముందున్న పన్నును గుద్దుతూ ఉండేది. చిగురు కోసి, చుట్టూ ఉన్న ఎముకను కొద్దిగా చెక్కి, పన్నును ముక్కలు చేసి తీసి కుట్లు వేశారు. ఇలా తీసినప్పుడు బుగ్గ వాపు 48 నుంచి 72 గంటల మధ్య బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. నొప్పి మాత్రం రోజురోజుకీ తగ్గుతూ రావాలి. నాకు తగ్గినట్టే తగ్గి, మూడో రోజు ఒక్కసారిగా లేచింది. పోటు చెవిలోకి, కణతలోకి పాకింది. నోరంతా కుళ్ళు వాసన. జ్వరం లేదు, చీమూ లేదు. డాక్టరుగారు చూడగానే డ్రై సాకెట్ అన్నారు.

పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి అడుగున ఉన్న ఎముకను కప్పుతుంది. కొత్త కండ పెరిగేది ఆ గడ్డ మీదుగానే. అది ముందే కరిగిపోయినా, ఊడిపోయినా ఎముక బయటపడుతుంది. అదే డ్రై సాకెట్. ఇక మెతుకు తగిలినా, చన్నీళ్ళు తగిలినా ప్రాణం జివ్వుమంటుంది. పై పళ్ళకంటే కింది జ్ఞానదంతాలకు, అందులోనూ కష్టపడి తీసినవాటికి ఇది ఎక్కువ. సిగరెట్, బీడీ తాగేవాళ్ళకూ, గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ళకూ ముప్పు ఇంకా పెరుగుతుంది.

దీనికి వైద్యం గుంటలోనే జరగాలి. గోరువెచ్చని సెలైన్‌ను మొండి సూది ఉన్న సిరంజితో మెల్లగా కొట్టి, ఇరుక్కున్న మెతుకులు, పాచి కడిగేశారు. రక్తం వచ్చేలా గుంటను గీకలేదు. గీకితే నొప్పి పెరగడమే కాక, అప్పుడే మొదలైన కొత్త కండ కూడా పోతుంది. తర్వాత యూజెనాల్ (లవంగ నూనెలో ఉండే మందు) పట్టించిన సన్నటి గాజ్ గుడ్డ (గాయాలకు వాడే పలచటి గుడ్డ) పట్టీని పట్టకారుతో మడతలు మడతలుగా, వదులుగా లోపల పెట్టారు. లవంగం ఘాటు ముక్కుకు తగిలిన కాసేపటికే చెవిపోటు దిగింది. ఈ పట్టీని ఒకట్రెండు రోజులకోసారి మార్చి, నొప్పి పోయాక పూర్తిగా తీసేయాలి. లోపలే మరిచిపోతే గాయం మానదు. అలాగని ఇంట్లో లవంగ నూనె నేరుగా గుంటలో పోయకండి, కండ కాలుతుంది.

నొప్పికి అన్నం తిన్నాక ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా., దానితోపాటు పారాసెటమాల్ రాసిచ్చారు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ఐబుప్రొఫెన్ ముట్టకూడదు. జ్వరం, చీము లేని డ్రై సాకెట్‌కు యాంటీబయాటిక్ అక్కర్లేదు. మందుల షాపులో అడిగి ఐదు రోజుల కోర్సు మింగడం నిజంగా దండగ.

ఇన్ఫెక్షన్ తీరు వేరు. మూడో రోజు దాటాక వాపు పెరుగుతూ పోవడం, జ్వరం, చీము దాని గుర్తులు. మింగలేకపోయినా, నాలుక కింద గట్టిపడి ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మత్తు దిగాక కూడా పెదవి, గడ్డం, నాలుక మొద్దుబారి ఉంటే నరం నలిగినట్టు. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో స్పర్శ తిరిగి వస్తుంది, కానీ డాక్టరుకు వెంటనే చెప్పాలి. అందుకే వేర్లు నరం కాలువకు ఆనుకున్నట్టు ఎక్స్‌రేలో కనిపిస్తే ముందుగా సీబీసీటీ (దవడను త్రీడీలో చూపే) స్కాన్ తీయిస్తారు. అవసరమైతే వేర్లను వదిలేసి పైభాగం మాత్రమే కోసి తీస్తారు.

గుంటలో ఆ రక్తపు గడ్డ నిలవాలంటే పన్ను తీశాక మొదటి 24 గంటలే కీలకం. గాజ్ గుడ్డను అరగంటైనా గట్టిగా కొరికి పట్టాలి. ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో పీల్చకూడదు. రక్తం ఆగకపోతే తడిపి పిండిన శుభ్రమైన గాజ్ గుడ్డను మడిచి మరో అరగంట కొరకాలి. అప్పటికీ కారుతుంటే డాక్టరుకు ఫోన్ చేయాలి. చల్లారిన రాగి జావ, పెరుగన్నం చాలు. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ నోట్లో మెల్లగా అటూ ఇటూ ఆడించి వదిలేయాలి. చిగురు మూసుకోవడానికి వారాలు, లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుంది. ఈలోగా గుంటలో మెతుకులు చేరుతుంటే, ఎప్పటి నుంచి సిరంజితో కడుక్కోవచ్చో కుట్లు చూపించుకునే రోజున అడిగి తెలుసుకోండి.