కల్వర్టు పనుల మధ్య కారు నడపడం: నా అనుభవం

మా కోనసీమలో చాలా రోడ్లకు ఒక పక్క కాలువ, మరో పక్క వరిచేను ఉంటాయి. మెట్ట ప్రాంతంలో మాదిరిగా పక్కనున్న బీడులోకి బండి దించి తప్పించుకుపోయే వీలు ఇక్కడ లేదు. పైగా కాలువలు కట్టేసిన వేసవిలోనే పాత కల్వర్టులు పడగొట్టి కొత్తవి కట్టాలి కనుక, ఒకే రోడ్డు మీద చాలా చోట్ల ఒకేసారి తవ్వకం మొదలవుతుంది. మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి కంటి పరీక్షల కోసం అమలాపురం తీసుకువెళ్తూ, అలాంటి రోడ్డు మీదే కారు నడుపుతున్నాను. నిన్న సాయంత్రం నాకు జరిగిన అవమానం చల్లారక ముందే ఇది రాస్తున్నాను.

కంకర పరిచిన భాగం పెద్ద కష్టమేమీ కాదు. రెండో గేరులో, ముందు బండి చక్రాల కింది రాళ్లు మన అద్దానికి తగలనంత దూరంలో, గట్టిగా బ్రేకు తొక్కే అవసరం రాకుండా వెళితే చాలు. దుమ్ము అణచడానికి ట్యాంకరుతో నీళ్లు చల్లిన చోట మాత్రం మరింత నెమ్మదించాలి, ఎందుకంటే మన ఒండ్రుమట్టి తడిస్తే టైరుకు పట్టు దొరకదు.

అసలు కష్టం కల్వర్టు దగ్గర వచ్చింది. అక్కడ కాలువ వైపు ఒక్క బండి పట్టేంత గ్రావెల్ బాట వేసి, అంచున తారు డ్రమ్ములు నిలబెట్టి, రెండు చివరలా జెండాలిచ్చి ఇద్దరు కుర్రాళ్లను ఉంచారు. బాట మధ్యలో వంపు ఉండడం వల్ల ఒకరికొకరు కనబడరు, మాట్లాడుకోవడానికి వాళ్ల చేతిలో ఏ సాధనమూ లేదు. మా వైపు కుర్రాడు పచ్చజెండా ఊపి "వెళ్లండక్కా" అన్న తరువాతే నేను బాటలోకి దిగాను. వంపు తిరిగేసరికి ఎదురుగా ఇసుక లోడుతో టిప్పర్ నిలబడి ఉంది, దాని వెనుక ఆటోలు, మోటారు సైకిళ్లు బారులు తీరాయి. నా వెనుక కూడా రెండు బైకులు చేరాయి.

సైటు సూపర్‌వైజరు వచ్చి, జెండా ఎవరు ఊపారని ఆ కుర్రాళ్లను ఒక్క మాట అడగలేదు. నేరుగా నా అద్దం మీద తట్టి, "దిగండమ్మా, మావాడు వెనక్కి తీస్తాడు, ఇలాంటి రోడ్ల మీదకు ఆడవాళ్లకు కార్లెందుకు ఇస్తారో" అని అందరూ వినేలా అన్నాడు. ఆటోలోని వాళ్లు నవ్వారు. కంటికి నల్లద్దాలతో పక్కన కూర్చున్న మా అమ్మ "పోనీలేవే" అంటూ నా చెయ్యి పట్టుకుంది. లోడు బండిని వంపులో వెనక్కి నడిపించడం అందరికీ ప్రమాదం కనుక నేనే వెనక్కి వెళ్తానని చెప్పాను, అయితే ముందు బైకులను ఖాళీ చేయించాలని, అమ్మను నడిపించి రోడ్డు మీదకు చేర్చాలని, ఆయన నాకు అద్దంలో కనబడేచోట నిలబడి దారి చూపాలని గట్టిగా అడిగాను. గొణుక్కుంటూనే ఆయన అన్నీ చేశాడు. ఒక్క డ్రమ్మును కూడా తాకకుండా కారును రోడ్డు మీదకు తెచ్చాను. అంత నిక్కచ్చిగా ఆ బాటలో ఎవరు వెనక్కి తీస్తారో తీసి చూపమనండి.

పనిచేసే చోట ట్రాఫిక్‌ను ఎలా నడపాలో, రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ ఎస్పీ 55 అనే మార్గదర్శకాల్లో ఏనాడో రాసిపెట్టింది. ముందస్తు హెచ్చరిక, క్రమంగా మళ్లింపు, పని జరిగే భాగం, తిరిగి మామూలు రోడ్డులో కలిసే భాగం అని ప్రతి దానికీ వేరువేరు ఏర్పాట్లు ఉండాలి. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు భద్రతా ప్రమాణాలు పాటించనందువల్ల మరణం గానీ వైకల్యం గానీ సంభవిస్తే కాంట్రాక్టరుకైనా, సంబంధిత అధికారికైనా లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. ఎవరో కాలువలో పడితే తప్ప ఆ సెక్షన్ కదలదన్నదే నా బాధ. ఈ ఉదయం సంబంధిత కార్యాలయానికి వెళ్లి ఇదంతా చెబితే, అక్కడి ఉద్యోగి ఫైలు మీంచి తల ఎత్తకుండా "కాంట్రాక్టరుకు చెప్పుకోండి" అన్నాడు. ప్రజల డబ్బుతో వేసే రోడ్డు మీద ప్రజల ప్రాణానికి జవాబుదారీ కాంట్రాక్టరు ఒక్కడేనా?

కనుక పచ్చజెండాను నమ్మి దూకకండి. ఎదుటి నుంచి వచ్చిన ఆఖరి బండివాడిని "వెనకాల ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగి బయలుదేరండి. కదులుతున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ కలిపి వేయకండి, మీరు ఎటు తిరుగుతారో వెనుకవాడికి తెలియదు. చీకటి పడ్డాక హెడ్‌లైటు డిమ్‌లోనే ఉంచండి, లేకపోతే ఎదుటివాడికి అంచు కనబడదు. మోటారు సైకిలు మీద వెళ్లేవాళ్లు కొత్త తారు పొర అంచును పక్కగా రాసుకుంటూ ఎక్కితే పడిపోతారు, బాగా నెమ్మదించి, చక్రాన్ని అంచుకు వీలైనంత ఎదురుగా పెట్టి ఎక్కాలి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయవచ్చు. మా రోడ్డుకు ఆ అవకాశం లేదు కాబట్టి, ఆ రెండు జెండాల దగ్గరా వాకీటాకీలు ఉంచాలని రాసిన అర్జీతో సోమవారం అమలాపురం కలెక్టరేట్‌కు వెళ్తున్నాను. అమ్మ కూడా సంతకం పెట్టింది.