ఒకే ఫోల్డర్‌లో రెండు డిజైన్ ఫైళ్లు: చీటీ యాప్ నోట్స్ సంగతులు

డిజైన్.ఎండీ. దాని కిందే ఇంకో డిజైన్.ఎండీ. ఒకే ఫోల్డర్, అక్షరం తేడా లేని పేర్లు. ఇన్నాళ్లూ మమ్మల్ని తిప్పలు పెట్టిన ఈ దయ్యం మొత్తానికి ఈ వారం దొరికింది!

కొత్తగా చదివేవాళ్లకు ఒక్క ముక్క: బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లలో ఉంటున్న మా మిత్రబృందం సెలవు రోజుల్లో చీటీ పాటల లెక్కలు చూసే యాప్ రాస్తోంది. నోట్స్ కూడా మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్ టూల్ కింద కోడ్ ఉన్న ఫోల్డర్, అంటే రిపోలోనే ఉంటాయి. ఫైల్ పేర్లతో సహా అంతా తెలుగే.

గొడవ బయటపడింది కమీషన్ దగ్గర. 2019 చిట్ ఫండ్స్ సవరణ చట్టంతో చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ గరిష్ఠ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది. ఒక ఫైల్‌లో 7 ఉంది, రెండోదాంట్లో పాత 5 అలాగే ఉండిపోయింది. నా ఉబుంటులో రెండు ఫైళ్లూ కనిపిస్తాయి. వైట్‌ఫీల్డ్ వాడి మాక్‌లో కనిపించేది ఒక్కటే, కానీ ఏం మారిందో చెప్పే గిట్ స్టేటస్ ఎప్పుడు చూసినా 'మాడిఫైడ్' (మారింది) అంటుంది. చెకౌట్ చేసి పాత రూపం తెచ్చుకుంటే అది పోయి ఇంకోటి మాడిఫైడ్ అవుతుంది. "మామా, నేను దీన్ని ముట్టుకోలేదురా" అని వాడి మొర.

మొదటి అనుమానం పేరు చివర స్పేస్ మీద. లేదు. తర్వాత, తెలుగు టైపింగ్‌లో కంటికి కనపడకుండా దూరే జీరో విడ్త్ నాన్ జాయినర్ మీద. దాని బైట్లు \342\200\214, అవీ లేవు. చదవడానికి వీలుగా ఉంటుందని అందరం, తెలుగు పేర్లను బైట్ల అంకెల్లో చూపించే గిట్ సెట్టింగ్ కోర్.కోట్‌పాత్ ఆపేసి ఉన్నాం. దాన్ని తిరిగి ఆన్ చేసి ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్-ఫైల్స్ కొడితే పేర్లు ఎనిమిది ఆధారపు అంకెలైన ఆక్టల్‌లో వచ్చాయి, గుట్టు బయటపడింది. ఎక్స్‌టెన్షన్ వదిలేస్తే ఒక పేరు 18 బైట్లు, ఇంకోటి 21. తేడా అంతా 'జై' దగ్గరే. ఒకదాంట్లో ఐత్వం ఒకే గుర్తు: \340\261\210. రెండోదాంట్లో అదే ఐత్వం ఎత్వంగా, కింది గుర్తుగా విడిపోయింది: \340\261\206\340\261\226. అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడ్ ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, మాక్ కూడా రెంటినీ ఒకటిగానే చూస్తుంది. గిట్‌కి మాత్రం పేరంటే బైట్ల వరస, అంతే. తెలుగులో ఇలా విడిపోయేది ఈ ఒక్క ఐత్వమే. అది మా డిజైన్ ఫైల్‌కే తగలాలా!

మాక్‌లో కోర్.ప్రీకంపోజ్‌యూనికోడ్ అనే సెట్టింగ్ ఉంది, 2012లో గిట్ 1.7.12తో వచ్చింది. విడిపోయిన పేర్లను కలిపేయడమే దాని పని. మరి విడి పేరు ఎలా దూరింది? మాక్‌లో చేసిన జిప్‌ను లినక్స్‌లో విప్పి కమిట్ చేసిన (గిట్‌లో మార్పు నమోదు చేసిన) దారిలో అని నా లెక్క. అదే దారిలో 'మొబైల్', 'కమీషన్' పేర్లతో రెండు ఫైళ్లు పంపి చూశాం. మొబైల్ రెండయింది. కమీషన్‌లో ఐత్వం లేదు కాబట్టి ఒకటిగానే ఉంది.

తీసేయడం ఇంకో తలనొప్పి. మాక్‌లో గిట్ ఆర్ఎం కొడితే మనమిచ్చిన పేరును కూడా ఆ సెట్టింగ్ కలిపేస్తుంది, దాంతో మంచి ఫైలే పోతుంది. చివరికి లినక్స్‌లో కమాండ్లు తీసుకునే బాష్‌కి ఆక్టల్ అంకెలే ఇచ్చి విడి పేరున్నదాన్ని తీసేశాం. కమిట్ సమయంలో దానంతటదే నడిచే స్క్రిప్టు, అంటే హుక్, పెడదామంటే అది రిపో కాపీ చేసే క్లోన్‌తో రాదు. అందుకే పైథాన్ యూనికోడ్‌డేటాతో పేర్లు చూసే చిన్న చెక్‌ను ప్రతి పుష్‌కీ సర్వర్‌లో నడిచే సీఐలో పెట్టాం. పేర్లు ఇంగ్లిష్‌లోకి మార్చేద్దామని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు.

రోజువారీ లాగ్ ఫైల్‌కి గిట్ఆట్రిబ్యూట్స్‌లో రెండువైపుల వరసల్నీ ఉంచేసే మెర్జ్=యూనియన్ పెట్టాక దాంట్లో కాన్‌ఫ్లిక్టులు లేవు. వరసకు ఒకే వాక్యం రాయడం కూడా బాగా పనిచేస్తోంది.

నోట్స్ యాప్ అబ్సిడియన్ నాకిష్టమే కానీ దాని వర్క్‌స్పేస్.జేసన్‌ను ఇగ్నోర్ చేయకపోతే రోజూ కొట్లాటే. ఆటో కమిట్ ప్లగిన్ అసలొద్దు, హిస్టరీ నిండా 'వాల్ట్ బ్యాకప్' తప్ప ఏమీ మిగలదు. ఆన్‌లైన్ నోట్స్ యాప్ నోషన్ చూడ్డానికి అందంగా ఉంటుంది, నిజమే. కానీ కమీషన్ రూల్, దాని కోడ్ ఒకే కమిట్‌లో మారాలంటే రిపోనే దిక్కు.

ఇక మీదట సాఫ్ట్‌వేర్ రచయిత మైకేల్ నైగార్డ్ 2011లో రాసిన పద్ధతిలో నిర్ణయానికో చిన్న ఫైల్ పెడదామనుకుంటున్నాం. మొదటిది పాటలో వదులుకున్న సొమ్మును సభ్యులకు పంచడం మీద, రూపాయి కింద పైసల్ని ఎవరి ఖాతాలో వేయాలో ఇంకా తేలలేదు. కమిట్‌లకు తర్వాత వ్యాఖ్యలు తగిలించే గిట్ నోట్స్ కూడా ఒకసారి చూడాలి. మామూలు పుష్‌తో అవి వెళ్లవు, ఏది ఎక్కడికి పంపాలో చెప్పే రెఫ్‌స్పెక్ విడిగా రాయాలి. హెచ్‌ఎస్‌ఆర్ వాడు ఇప్పుడే వద్దంటున్నాడు.