మగవాళ్ళెవరైనా వచ్చారా అని అడిగారు

మా ఆయన క్యాన్సర్‌కు మాత్ర మొదలుపెట్టాక తీసిన మూడో నెల స్కాన్ రిపోర్ట్ నిన్న చేతికొచ్చింది. ఆ ఊరట ఉండగానే రాసేస్తున్నాను.

మాది చిత్తూరు. మా ఆయనకు రక్తం బాగా తగ్గింది, విరేచనం నల్లగా అయ్యేది. ఎండోస్కోపీ, సీటీ, బయాప్సీ పది రోజుల్లో అయిపోయాయి. అంతవరకు ఇబ్బంది లేదు.

రిపోర్ట్ వచ్చిన రోజు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాం. ఆయన్ని బయట కూర్చోబెట్టి, ఫైలు తీసుకుని నేను లోపలికి వెళ్లాను. డాక్టరు నా వైపు చూసి, "మగవాళ్ళెవరైనా వచ్చారా?" అన్నారు. కారు నిలిపి వస్తున్న మా మరిదిని పిలిపించి, నన్ను బయటికి పంపారు. ఆయనతో 19 ఏళ్లు కాపురం చేసింది నేను. అంగన్‌వాడీలో ఏ బిడ్డ బరువు ఎంతో పుస్తకం చూడకుండా చెబుతాను. నాకు అర్థం కాదనుకున్నారు! మరిది ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, "ఏం లేదులే వదినా, మందులిస్తారంట" అన్నాడు. పూతలపట్టు దాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

మూడు వారాలు ఇంటిల్లిపాదికీ తెలుసు, మా ఇద్దరికి తప్ప. చివరికి మా తోడికోడలు నోరు జారింది: "ఉన్న ఆరు నెలలూ బాగా చూసుకో అక్కా." చేతిలో చేట అలాగే ఉండిపోయింది.

భార్యను బయటికి పంపే డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్లకండి. కోపంతోనే అంటున్నాను, అయినా వెళ్లకండి.

మర్నాడే వేలూరు బయలుదేరాం. వెళ్లేముందు ల్యాబ్‌లో స్లైడ్లతో పాటు బయాప్సీ ముక్క ఉన్న మైనం బ్లాక్ కూడా అడిగి తీసుకోండి. మాకు మొదట "ఇవ్వం" అన్నారు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమంటే లోపలికెళ్లి తెచ్చారు.

ఆ బ్లాక్‌తోనే అసలు సంగతి తేలింది. జబ్బు పేరు జిస్ట్, జీర్ణకోశంలో వచ్చే ఒక అరుదైన క్యాన్సర్ గడ్డ. పొట్టలో పుట్టి కాలేయానికి పాకింది. ఏటా పది లక్షల మందిలో 10, 15 మందికి వస్తుందట. మామూలు కీమో దీనిమీద పనిచేయదు. కిట్ అనే జన్యువులో ఎక్సాన్ 11 అనే భాగంలో మార్పు ఉంది కాబట్టి ఇమాటినిబ్ మాత్ర, రోజుకు 400 మిల్లీగ్రాములు. ఎక్సాన్ 9 అయితే డోసు పెంచుతారట. ఈ మందుకు విదేశీ కంపెనీ అడిగిన పేటెంట్‌ను 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అందుకే మన కంపెనీల మాత్ర మాలాంటివాళ్లకు అందుతోంది.

వేలూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. "పూర్తిగా నయం చేస్తానని చెప్పలేనమ్మా. అదుపులో పెట్టొచ్చు. ఈ మాత్ర రాకముందు ఏడాదిన్నర అనేవాళ్లం, ఇప్పుడు సుమారు ఐదేళ్లు అంటున్నాం" అన్నారు. మా ఆయన ముఖం వాడిపోయింది. ఆమె కాగితం మీద వంద చుక్కలు పెట్టి, మధ్యలో గీత గీశారు. "ఐదేళ్లంటే ఈ గీత. సగం మంది గీత ఇవతల, సగం మంది అవతల. ఐదుగురిలో ఒకరు పదేళ్లు కూడా దాటుతున్నారు."

"మాత్ర పనిచేయడం మానేస్తే?" అని ఆయనే అడిగారు. సునిటినిబ్, ఆ తర్వాత రెగోరాఫెనిబ్ అనే మందులు ఉన్నాయన్నారు డాక్టరమ్మ. ఆ కాగితం ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంది.

నిన్నటి రిపోర్టులో గడ్డ సైజు పెద్దగా తగ్గలేదని చదివి నాకు చేతులు వణికాయి. డాక్టరమ్మ స్కాన్ చూపించి, గడ్డ లోపల చిక్కదనం తగ్గిందని, మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తని చెప్పారు. పొద్దున లేచేసరికి ఆయన కళ్ల చుట్టూ వాపు ఉంటుంది, మాత్ర వల్లేనట.

రాత్రి భోజనమయ్యాక పెద్ద గ్లాసు నీళ్లతో మాత్ర వేసుకుని, ఆయనే క్యాలెండర్లో గీత పెట్టారు. 94వది.